అడుగుతూ అడుగుతూ ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు

కాశీ వెళ్లొచ్చినవాళ్లు పుస్తకాలు రాస్తారు. చార్‌ధామ్ వెళ్లొచ్చినవాళ్లు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఆపి మరీ చెబుతారు. నేను వెళ్లొచ్చింది ఈ సంగారెడ్డి జిల్లాలోనే, పటేల్‌గూడ నుంచి ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు. కారున్నవాళ్లు పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. నాకు రెండు రోజులు పట్టింది. దారిలో ఒక ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కబోయాను, ఒక బర్రెను ఘోరంగా అవమానించాను, నా కళ్లకు జిల్లా అంతటి నుంచీ వైద్యం చెప్పించుకున్నాను. కాబట్టి నాకూ రాసుకునే హక్కుంది.

రాస్తున్నది నేను కాదు. నేను చెబుతుంటే మా ఆవిడ సత్యవతి రాస్తోంది. బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. నేనొకటి చెబితే తానొకటి రాసి ఉంటే పూచీ నాది కాదు.

పందెం

మాది కృష్ణా జిల్లా. పెళ్లికి ముందే ఇక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగమొచ్చింది. రామచంద్రాపురంలో క్వార్టర్, ఆ తర్వాత పటేల్‌గూడలో ఫ్లాట్, అలా ఈ గడ్డ మీదే జుట్టు తెల్లబడింది. పని ఇన్‌స్పెక్షన్‌లో. ఇనుప ముక్క మీద వెంట్రుకవాసి గీత ఉన్నా పట్టుకుని వెనక్కి పంపేవాణ్ని. ఇప్పుడు ఆ కళ్లనే వెనక్కి పంపాల్సొచ్చింది. కంటి లోపలి పొర మధ్యలో పాడైందని డాక్టరు చెప్పాడు. పూర్తిగా గుడ్డితనం కాదు. చుట్టూ కనబడుతుంది, సరిగ్గా చూడాలనుకున్న చోట మాత్రం మసక మచ్చ. గోడ కనబడుతుంది, గడియారం కనబడదు. బస్సు కనబడుతుంది, బోర్డు కనబడదు. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు రెండూ శుభ్రంగా కనబడతాయి, మధ్యలో ఉండాల్సిన ముఖం ఉండదు.

ఇంత వివరంగా నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో "కాస్త మసకగా ఉంది" అని ఊరుకున్నాను. కానీ కొబ్బరి పచ్చడి గిన్నెలో మజ్జిగ పోసి, లిఫ్టులో పొరుగింటాయన్ని పట్టుకుని "ఏం బావా, ఎప్పుడొచ్చావ్" అన్నాక సత్యవతి తీర్పు చెప్పేసింది. ఇకమీదట నేను ఒంటరిగా గడప దాటకూడదు. ఎక్కడికైనా తనూ వస్తుంది. వచ్చింది కూడా. కూరగాయలకు, బ్యాంకుకు, నా మోచెయ్యి పట్టుకుని. క్షవరానికి వెళ్తే నా తల వెనక నిలబడి "వెనక ఇంకాస్త పొట్టిగా" అని మంగలికి చెబుతుంటే, మళ్లీ ఒకటో క్లాసులో పడ్డట్టయింది. ఇక బతికినన్నాళ్లూ ఈ మోచెయ్యి నాది కాదా అని భయం పట్టుకుంది. చూపు పోతుందన్న రోజున కూడా అంత భయపడలేదు.

ఒకరోజు గొడవ పడ్డాం. చివరికి ఆవిడే పందెం కట్టింది.

"సరే, ఒక్కరే వెళ్లండి. మీ కళ్లు బాగుండాలని ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారికి ఒడిలో పోసే ఒడిబియ్యం మొక్కుకున్నాను. అవి ఇచ్చి రండి. మధ్యలో నాకు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్లమన్నారో, ఈ జన్మకు ఆ మోచెయ్యి నాది. చెయ్యకుండా వచ్చారా, మీ ఇష్టమొచ్చిన చోట తిరగండి, నేను అడగను."

ఈమధ్య ఆవిడ కోపంగా మాట్లాడితే మాటల మధ్య సన్నగా ఈల వినబడుతోంది, కుక్కర్ కూతకు ముందు వచ్చేలాంటిది. ఆ రోజు గట్టిగానే వినబడింది. వయసు పైబడితే కోపం కూడా ఆవిరవుతుంది కాబోలు అనుకున్నాను.

నాకు ఇంకో జబ్బు ఉంది, అది కళ్లది కాదు. నేను ఎవర్నీ ఏమీ అడగను. దారి అడగను, ధర అడగను, పెళ్లి విందులో రెండోసారి పులిహోర అడగను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కపోయినా పెట్టేది. అక్కడే చెడిపోయాను.

తెల్ల బస్సు

సంచిలో బియ్యం, రవిక గుడ్డ, పసుపు, కొబ్బరికాయ పెట్టుకుని, పటేల్‌గూడలో షేర్ ఆటో ఎక్కి, బీరంగూడ దగ్గర హైవే మీద దిగాను. సంగారెడ్డి బస్సు అక్కడ ఆగుతుంది. అందులో వెళ్లి, ఆ రాత్రికి దాని అవతల కొండాపూర్ దగ్గర పాత స్నేహితుడు మల్లేశం ఇంట్లో ఉండి, మర్నాడు గుడికి వెళ్లాలని నా పథకం.

స్టాపులో పదిమంది నిలబడి ఉన్నారు. "సంగారెడ్డి బస్సు వస్తే చెప్తారా" అంటే అయిపోయేది. నోరు పెగల్లేదు. ఇంతలో పెద్ద తెల్ల బస్సు వచ్చి ఆగింది. ఆర్టీసీ బస్సులు తెల్లగా ఉండవని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున్నే స్టాపులో నిలబడటం, కర్మాగారం తెల్ల బస్సు రావడం, పేపరు చదువుతూనే ఎక్కేయడం అలవాటైన కాళ్లు ఇవి. నన్ను అడక్కుండానే ఎక్కేశాయి. మూడో వరస, కిటికీ పక్క సీటు. అది కూడా పాత అలవాటే.

ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మగవాడికి కిటికీ సీటు దొరకడం లాటరీ తగలడమే. ఈ బస్సులో అందరూ మగవాళ్లే, ఎవరూ మాట్లాడుకోవడం లేదు, సగంమంది నిద్రపోతున్నారు. కండక్టర్ కూడా రాలేదు. ఏం అదృష్టమో అనుకుని నేనూ కునుకు తీశాను.

బస్సు ఆగింది. అందరూ దిగారు, దిగాను. అందరూ వరసలో నిలబడ్డారు, నిలబడ్డాను. వరస కనబడితే నిలబడటం కూడా కర్మాగారం నేర్పిన చదువే. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే హాజరు వేసే యంత్రం ముందు ముఖం పెడుతున్నారు, అది టింగుమంటోంది. నా వంతు వచ్చింది. ముఖం పెట్టాను. టింగుమనలేదు. ఇంకొంచెం దగ్గరగా పెట్టాను. నాకు జనం ముఖాలు కనబడవు, యంత్రానికి నా ముఖం కనబడదు. చెల్లుకు చెల్లు.

"సార్, మీ ముఖం తీస్కుంటలేదు మిషన్. కొత్తగ జాయినైండ్రా?" అన్నాడు గేటు దగ్గరి సెక్యూరిటీ. పేరు యాదగిరి అని తర్వాత చెప్పాడు.

"ఈ వయసులోనా?"

"ఏమో సార్. కాంట్రాక్టోళ్లు ఎవలు దొరికితె వాళ్లను తోల్కొస్తరు. ఇంతకు ఏడికి పోవాలె మీరు?"

"ఇస్మాయిల్‌ఖాన్‌పేట."

"గుడికా?" నా సంచి మీదికి వంగాడు. "సార్, గిది కంపెనీ."

వెనకున్న వరసంతా నవ్వింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అసలు సంగతి చెప్పడానికి ప్రాణం ఒప్పలేదు. "కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను" అన్నాను. అబద్ధం ఆడితే గాని నోరు తెరవలేని స్థితి. అది కూడా దారి అడగడం కాదు, సంజాయిషీ.

"గంతేనా? జెర ఆగుండ్రి," అని తన అద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టాడు. "ఇప్పుడు కనబడ్తుందా?"

"బ్రహ్మాండంగా!" అన్నాను. ప్రపంచమంతా నీళ్లలో మునిగినట్టుంది.

ఎవరైనా గేటు లోపలికి వస్తే ఇంటివాళ్ల ఫోన్ నంబరు చెప్పాలట, రూలట. నాకు నోటికి వచ్చిన నంబరు మా ఆవిడది ఒక్కటే. చెప్పాను. అతను తన గదిలోకి వెళ్లి ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. పై అధికారితో అనుకున్నాను. తిరిగొచ్చి నాకు కుర్చీ వేసి, "సార్, మీరు కాంటీన్ల తిని పోవాలె. ఆ తర్వాత మా లోడు బండి మిమ్ముల ఇస్నాపూర్ చౌరస్తల దింపుతది" అన్నాడు. తెలంగాణ వాళ్ల మర్యాదే వేరని మనసులో పొగిడాను. మా వైపైతే ముందు "మీదే ఊరు, ఎవరి తాలూకు" అని మూడు తరాలు ఆరా తీసి అప్పుడు మంచినీళ్లిస్తారు.

కాంటీన్

పెద్ద రేకుల షెడ్డు, స్టీలు కంచాలు, సాంబారు వాసన. నా పక్కన ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడు కూర్చున్నాడు. కంచంలో ఏం ఉందో నాకు తెలియదు. ఎర్రగా కనబడిన దాన్ని కూర అనుకుని గుప్పెడు కలుపుకుని నోట్లో పెట్టాను. మామిడికాయ పచ్చడి. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ కళ్లు అంత బాగా పనిచేసి చాలా కాలమైంది.

"బాబూజీ, ఓ తో అచార్ హై!" అన్నాడతను, మంచినీళ్లు అందిస్తూ.

ఇక తప్పక, నాకొచ్చిన నాలుగు ముక్కల హిందీలో "ఏ క్యా హై, ఓ క్యా హై" అని కంచమంతా అడిగాను. అతను నా వేలు పట్టుకుని పప్పు ఇక్కడ, కూర ఇక్కడ, పెరుగు ఇక్కడ అని చూపించాడు. అంతటితో ఆగలేదు. ఈ పప్పు పప్పే కాదన్నాడు. వాళ్లింట్లో పప్పులో గుమ్మడికాయ, అరటికాయ, ములక్కాడ అన్నీ వేస్తారట. ఎండాకాలం రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయతో తింటారట. "అది మా చద్దన్నమే కదా" అంటే వాదనకు దిగాడు. మాది తరవాణి, వాళ్లది వేరేనట. ఏది గొప్పో తేలకుండానే బెల్లు మోగింది. ఒక్క "ఏ క్యా హై" అన్నందుకు ఒక రాష్ట్రం వంటిల్లంతా వచ్చి నా కంచంలో పడింది. ఇన్నాళ్లూ ఎన్ని వంటిళ్లు వదులుకున్నానో అనిపించింది.

లోడు బండిలో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టారు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో కళ్లు లేకపోయినా ముక్కుతో దారి పట్టొచ్చు. మందుల కంపెనీ దాటితే ఘాటు, పెయింటు కంపెనీ దాటితే తలనొప్పి, ఆ తర్వాత మిర్చి బజ్జీల నూనె వాసన వస్తే చౌరస్తా వచ్చినట్టు. దిగి బజ్జీలు తిన్నాను. నాలుగు బజ్జీలు ఇరవై రూపాయలు, ఉల్లిపాయ ముక్కలు ఉచితం. మా వైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు పులుపు పెడతారు. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఆ సంగతి బజ్జీలామెను అడిగి తెలుసుకున్నది ఆ రోజే. అక్కడ కూడా అద్దాలు మర్చిపోయానని చెప్పే సంగారెడ్డి ఆటో ఎక్కాను. ఎక్కించినామె తన అద్దాలు ఇస్తానంది. ఈ జిల్లాలో ఇంతమందికి అద్దాలున్నాయని నాకు తెలియదు.

కొండాపూర్ బర్రె

మల్లేశం కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్. రిటైరయ్యాక కొండాపూర్ దగ్గరి సొంతూళ్లో రెండెకరాల మక్కజొన్న, పెద్ద నోరు వేసుకుని హాయిగా ఉన్నాడు. తనకు తెలియనిది లేదంటాడు. అందులో సగం తప్పు, కానీ చెప్పే తీరు బాగుంటుంది.

సంగారెడ్డిలో ఆటో మారి సాయంత్రానికి వాళ్లింటికి చేరాను. వాళ్లావిడ లక్ష్మి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పచ్చిపులుసంటే వంకాయ కాల్చి వేస్తాం. వీళ్లు నువ్వుల పొడి వేస్తారు. గ్లాసులో పోసుకుని తాగాను, ఎవరూ ఏమీ అనలేదు.

అంతా బాగుంది. అప్పుడు మల్లేశం తన ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు.

"సూడు ప్రసాదన్నా. ఎట్లుంది?"

నల్లగా, గుండ్రంగా ఏదో. వాళ్ల కూతురికి ఈమధ్యే బిడ్డ పుట్టిందని విన్నాను. ఇంకేం ఆలోచించలేదు.

"ముద్దొస్తోంది. అచ్చం నీ పోలికే."

పెరట్లో ఎక్కడో గొలుసు చప్పుడైంది.

"అన్నా," అన్నాడు మల్లేశం నెమ్మదిగా, "గది నేను మొన్న కొన్న బర్రె."

లక్ష్మి పగలబడి నవ్వింది. "పోలికలైతె ఉన్నయ్ తియ్యన్నా! ఇద్దరు తిన్నకాడ్నుంచి లేవరు."

ఇక దాచడానికి ఏం మిగిలింది? కళ్లద్దాల కథ మల్లేశం దగ్గర పారదు. నేను చేసిన ఇన్‌స్పెక్షన్ తనకు తెలుసు. చెప్పేశాను. మచ్చ సంగతి, ముఖాల సంగతి, మోచెయ్యి సంగతి, అన్నీ. ఇప్పుడు అయ్యో పాపమంటారని, తలో చెయ్యి వేసి లేపి మంచం మీద కూర్చోబెడతారని ఎదురుచూశాను.

మల్లేశం అయ్యో అనలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "మరి ఏం కనబడ్తది?" అన్నాడు.

ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు, డాక్టరు కూడా. ఏం కనబడదో అడిగినవాళ్లే.

"అంచులు కనబడతాయి. నీ చెవులు కనబడుతున్నాయి."

"చెవులల్ల ఎంటికలు గూడనా?"

"బాగా."

"సూసినవా! కత్తిరిచ్చుకోమని నెత్తి నోరు కొట్టుకుంటున్న," అంది లక్ష్మి. "కండ్లు లేనోళ్లకు సుత కనబడ్తున్నయ్!"

తర్వాత మల్లేశం తన క్రేన్ గొప్పలు మొదలుపెట్టాడు. మామూలుగానైతే నేను ఆవలిస్తాను. ఈసారి విన్నాను.

"నేను పైన కేబిన్ల కూసుంటె కింద లోడు ఏడున్నదో నాకు కనబడకపోతుండె. కిందున్నోడు చెయ్యి సూపిచ్చినట్టు దించుడే నా పని. ఆడు ఎత్తుమంటె ఎత్తిన, ఆపుమంటె ఆపిన. నన్ను ఎవడన్న గుడ్డోడన్నడా? ఆపరేటర్ అన్నరు. ఓటీ పైసలు గూడ ఇచ్చిండ్రు. నీకేం తక్కువైందన్నా? కిందోన్ని అడుగు, దించు."

అతని మాటల్లో సగం తప్పుంటుందన్నాను కదా. ఇది మిగతా సగంలోది. ఆ రాత్రి బర్రె దగ్గరికి వెళ్లి చెయ్యి వేసి మాట్లాడి వచ్చాను. దాని చెవులు కూడా బాగున్నాయి.

ఒడిబియ్యం

మర్నాడు పొద్దున మల్లేశం తనూ వస్తానన్నాడు. వద్దన్నాను. ఊరు దాటించి రోడ్డు మీద ఆటో ఎక్కించి, "సంగారెడ్డిల దిగి అడుగు. జబర్దస్త్‌గ అడుగు, నీ సొమ్మేం పోదు" అని పంపాడు.

సంగారెడ్డిలో ఆటో దిగి, గాలి పీల్చుకుని, మొదటిసారి అద్దాల అబద్ధం లేకుండా అడిగాను. "బాబూ, నాకు చూపు సరిగ్గా లేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆటో ఎక్కడ?" ఆకాశం విరిగి మీద పడలేదు. "గా సైడు పెద్దమనిషీ, పసుపు రంగుది" అని అతను తన పని తాను చూసుకున్నాడు. ఇంతేనా అనిపించి కాస్త నిరాశ కూడా కలిగింది.

గుళ్లో వరసలో నిలబడి నా ముందున్న ఆమెను అడిగాను. నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చారట, మనిషి ఎత్తు, గొంతు ఇంకా ఎత్తు. "అమ్మా, నాకు కళ్లు కనబడవు. ఈ ఒడిబియ్యం అమ్మవారికి ఎక్కడ ఇవ్వాలో చెప్తారా?"

"అయ్యో, మొగోళ్లు పోస్తరా ఒడిబియ్యం? ఎవలు తోలిచ్చిండ్రు నిన్ను?"

"మా ఆవిడ."

"ఆమెకు ఎరుక లేదా?"

"మాది ఆంధ్రా అమ్మా. మా వైపు చీరా సారే పెడతాం. ఇది ఇక్కడ పక్కింటివాళ్ల దగ్గర నేర్చుకుంది."

"సగమే నేర్సుకున్నట్టుంది," అని ఆమె వెనక్కి తిరిగి గుడంతా వినబడేలా పిలిచింది. "ఓ అక్కా, జెర ఇటు రాండ్రి! ఈ అన్నకు కండ్లు కనబడయంట, ఒడిబియ్యం పొయ్యాలె!"

నా గుట్టు ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో అలా బట్టబయలైంది. మెట్ల మీదున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. చూసి ఉంటారు, నాకు చెవులే కనబడ్డాయి. అయిదుగురు ఆడవాళ్లు పోగై నా సంచి లాక్కున్నారు. ఒకామె బియ్యంలో పసుపు కలిపింది, ఒకామె రవిక గుడ్డ విప్పింది. ఆ కాస్త సేపట్లో నాకు పొన్నగంటి కూర తినమని ఒకరు, తేనె చుక్కలు వేసుకోమని ఒకరు, జహీరాబాద్ దగ్గర ఒక సాబు ఊదితే పోతుందని ఒకరు చెప్పారు. ఒకామె మాత్రం, "ఏం చెయ్యకు అన్నా, మా మామకు గూడ గట్లనే ఉండె, మంచిగనే బతికిండు" అంది. ఆ వైద్యమే నాకు నచ్చింది.

అమ్మవారి ముందుకు వెళ్లాం. దీపాల వెలుగు, ఎర్రటి చీర అంచు, పూలు కనబడ్డాయి. నడుమ నా మచ్చ. ఇంత దూరం వచ్చి ముఖం చూడకుండా పోవాలా అని దుఃఖం వచ్చింది. అడిగేశాను.

"అమ్మవారు ఎలా ఉందమ్మా? ముఖం ఎలా ఉంది?"

"నవ్వుకుంట ఉన్నది," అంది ఒకామె.

"ఏడ నవ్వుతుందే, కోపంగ ఉంటె! కండ్లు సూడు ఎంత పెద్దగున్నయో."

"కోపం కాదు," అంది నారాయణఖేడ్ ఆమె. "మొగడు చెప్పిన మాట ఇనకుంటె పెడ్తం సూడు, గట్ల పెట్టింది ముఖం."

అది నాకు బాగా తెలిసిన ముఖమే. చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నాను. చూపున్న రోజుల్లో ఎన్నో గుళ్లకు వెళ్లాను గానీ, దేవుడి ముఖం గురించి ఇంత తెలుసుకుని బయటికొచ్చింది ఎప్పుడూ లేదు.

సంగారెడ్డి బస్టాండ్

తిరుగు ప్రయాణంలో సంగారెడ్డి బస్టాండ్‌లో చాయ్ తాగుతున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవర్ని అడగాలా అని చూస్తుండగా, ఒక ముసలామె నా చెయ్యి తట్టింది.

"అన్నా, గీ బస్సు పటాన్‌చెరు పోతదా? జెర బోర్డు సూసి చెప్పు."

అద్దాలు మర్చిపోయానని నాలుక చివరిదాకా వచ్చింది. పాత అలవాటు మరి. మింగేశాను.

"నాకూ కనబడదమ్మా. చూపు పోయింది."

"మంచిగ దొరికినం పో! నాకు సదువు రాదు, నీకు కండ్లు లేవు," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి బస్సు తలుపు దగ్గరికి వెళ్లి ఒకేసారి అడిగాం. కండక్టర్ అది జోగిపేట బస్సన్నాడు. తర్వాతదాన్నీ అడిగాం, అదీ కాదు. ఆ తర్వాతది మాది. ఆవిడకు టికెట్ లేదు, నాకు ఉంది. కిటికీ సీటు ఆవిడే పట్టింది. పటాన్‌చెరు దాకా దారిలో ఉన్న ప్రతిదాన్నీ నాకు చూపించుకుంటూ వచ్చింది. కట్టే మేడ, తవ్విన గుట్ట, పెళ్లి ఊరేగింపులో గుర్రం ఎక్కనని మొరాయిస్తున్న పెళ్లికొడుకు. చివరిది నిజమో కల్పించిందో తెలియదు.

ఇల్లు

గెలిచానన్న పొగరుతో బెల్లు కొట్టాను. సత్యవతి తలుపు తీసింది.

"ఫోన్ చెయ్యలేదు. చూసుకో," అన్నాను. "ఒడిబియ్యం మగవాళ్లు పొయ్యరటగా. నీకు తెలియదా?"

"ఎందుకు తెలియదు? తెలిసే పంపాను. అదొక్కటీ మీరు అడక్కుండా చెయ్యలేరు." ముందు గదిలోకి నడిచి, అప్పుడంది. "కాంటీన్‌లో పచ్చడి బాగా కారంగా ఉందటగా?"

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

"నిన్న పొద్దునే ఫోనొచ్చింది. మీ ఆయన మా కంపెనీల ఉన్నడు, ఏం జెయ్యాలె అని. అన్నం పెట్టి ఇస్నాపూర్‌లో దింపమన్నాను. నేను చెప్పానని చెప్పొద్దన్నాను. మిమ్మల్ని బండి ఎక్కించాక మళ్లీ చేసి పచ్చడి సంగతీ చెప్పాడు."

"అంటే పందెం?"

"మీరు చేస్తే ఓడినట్టు. చేసింది అతను." ఈల సన్నగా వినబడింది. "ఆ పూట నాకు అన్నం దిగలేదు. ఆటో పిలిచి రెండుసార్లు కిందికి దిగాను, వచ్చి తీసుకెళ్లిపోదామని. మళ్లీ పైకొచ్చాను. వచ్చుంటే ఇక మీరు ఎప్పటికీ ఒక్కరే వెళ్లరు."

నేను తిరిగింది రెండు రోజులు. ఆవిడ మెట్లు దిగి ఎక్కింది ఎక్కువ దూరమని అప్పుడు తెలిసింది. సోఫాలో కూర్చున్నాను. ఎదురుగా ఆవిడ కూర్చుంది. రెండు చెవులు, వాటికి దుద్దులు. మధ్యలో ఏమీ లేదు. గుళ్లో అడిగినట్టే అడిగాను.

"సత్యా, నీ ముఖం నాకు కనబడి చాలా రోజులైంది. చెప్పలేదు. ఇప్పుడెలా ఉంది?"

ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"నాకు తెలుసు," అంది. "పైవరస ముందు పన్ను ఊడి నెల దాటింది. మీరేమంటారో చూద్దామని రోజూ మీ ఎదురుగా కూర్చుని నవ్వాను. మీరు ఒక్కసారీ ఏమీ అనలేదు. మొదట నా మీద ధ్యాస లేదనుకుని ఏడ్చాను. తర్వాత తెలిసింది."

"మరి నన్ను అడగొచ్చుగా!"

"మీరు చెప్పొచ్చుగా!" ఇప్పుడు ఈల గట్టిగా వినబడింది. కుక్కర్ కాదు, కోపమూ కాదు. నెల రోజులుగా నా ఎదుటే మోగుతున్నా, ఏమిటని నేను అడగలేదు.

"ఏ పన్ను?" అన్నాను.

ఆవిడ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. మోచెయ్యి పట్టుకోలేదు. నా చూపుడువేలు పట్టుకుని తన నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

"కొరకవు కదా?"

"అడిగారు కాబట్టి కొరకను," అంది సత్యవతి.